నాన్న తిడతారని చెప్పలేదు

పేరెంట్స్ మీటింగ్ రోజు కంప్యూటర్ ల్యాబ్ వైపు ఎవరూ రారు. లెక్కలు, సైన్స్ టీచర్ల దగ్గరే క్యూ. పోయిన మీటింగ్‌లో మాత్రం ఒక తల్లి ప్రోగ్రెస్ కార్డు కూడా తీసుకోకుండా నేరుగా నా దగ్గరకు వచ్చి, "సార్, మీరు కంప్యూటర్ నేర్పుతారు కదా, మావాడికి ఈ ఒక్క విషయం ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఇది రాస్తున్నాను. ఆమెను అడిగే రాస్తున్నాను. అబ్బాయి పేరు, తరగతి మాత్రం చెప్పను.

సైన్స్ ప్రాజెక్ట్‌కు బొమ్మలు వెతుకుతుంటే ల్యాప్‌టాప్ తెర మొత్తం నీలంగా మారిపోయింది. మైక్రోసాఫ్ట్ గుర్తు, దాని కింద పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు: మీ కంప్యూటర్‌లో వైరస్ చేరింది, బ్యాంకు వివరాలు దొంగల చేతికి పోతున్నాయి, ఆపేస్తే డేటా అంతా పోతుంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి. స్పీకర్లలోంచి ఒక ఆడగొంతు అదే మాట ఆగకుండా చెబుతోంది. మౌస్ కదిపినా బాణం గుర్తు కనిపించడం లేదు. అమ్మ వంటింట్లో ఉంది. వాడు హాల్లో ఉన్న ఆమె ఫోన్ తీసుకుని ఆ నంబరుకు చేశాడు.

అవతలి మనిషి చాలా నెమ్మదిగా, "భయపడకు బాబూ" అని హిందీలో మాట్లాడాడట. వాడు చెప్పినట్టే పిల్లాడు ఒక యాప్ డౌన్‌లోడ్ చేశాడు, తెర మీద కనిపించిన అంకెలు చదివాడు. బ్రౌజర్‌లో నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ సేవ్ చేసి ఉంది. ఓటీపీ వచ్చింది, అదీ చదివాడు. 4,999 రూపాయలు పోయాయి. మెసేజ్ డిలీట్ చేయమంటే చేశాడు. మర్నాడు సాయంత్రం మళ్లీ వాళ్లే ఫోన్ చేశారు. వైరస్ ఇంకా ఉందన్నారు, ఇంట్లో చెబితే కంప్యూటర్ ఇక తెరుచుకోదన్నారు. ఈసారి 36,000. మూడో రోజు ఏటీఎంలో బ్యాలెన్స్ చూస్తే గానీ తల్లికి తెలియలేదు. ఎందుకు చెప్పలేదురా అంటే వాడన్న మాటే పైన శీర్షికగా పెట్టాను.

ముందు ఆ నీలం తెర సంగతి. అది వైరస్ కాదు, మైక్రోసాఫ్ట్ పంపిందీ కాదు. ఒక మామూలు వెబ్ పేజీ, తెర నిండా పరుచుకునేలా తయారు చేసింది. కంప్యూటర్ లాక్ కాలేదు, మౌస్ బాణాన్ని ఆ పేజీ దాచిపెట్టింది, అంతే. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఎప్పుడూ ఫోన్ నంబరు పెట్టదు. తెర మీద నంబరు కనిపించిందంటే అది మోసమే, ఇంకో ఆలోచన అక్కర్లేదు. ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టుకోండి, లేదా ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. అప్పటికీ పోకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి. మళ్లీ తెరిచాక పాత పేజీలు తిరిగి తెరవమంటారా అని బ్రౌజర్ అడుగుతుంది, వద్దనండి. చాలామంది ఇక్కడే మళ్లీ దొరికిపోతారు.

ఫోన్ చేసిన తర్వాతే అసలు మోసం మొదలవుతుంది. వాళ్ల ఆట ఒకటి మీకు తెలియాలి. "నమ్మకం లేకపోతే మీ కళ్లతో మీరే చూడండి" అంటూ విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్‌ను తెరిపిస్తారు. అందులో వరుసగా ఎర్ర గుర్తులు, ఎర్రర్ అనే మాటలు కనిపిస్తాయి. చూసినవాళ్ల గుండె జారిపోతుంది. నిజానికి అది కంప్యూటర్ రాసుకునే దినచర్య. ప్రింటర్ దొరకలేదని, ఏదో ప్రోగ్రామ్ ఆలస్యంగా మొదలైందని కూడా అందులో రాసుకుంటుంది. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లోనూ అలాంటివి ఉంటాయి. మా ల్యాబ్‌లోని ప్రతి కంప్యూటర్‌లోనూ ఉన్నాయి. పెద్ద చదువులు చదివినవాళ్లే ఆ ఎర్ర గుర్తులు చూసి నమ్ముతుంటే పిల్లవాడిని ఏమనగలం?

ఈ పని చేసేవాళ్లు ఎక్కడో సముద్రాల అవతల ఉన్నారనుకోకండి. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదుల మీద సీబీఐ 2023 అక్టోబరులో ఆపరేషన్ చక్ర-2 పేరుతో సోదాలు చేసింది. టెక్ సపోర్ట్ పేరుతో విదేశీయులను మోసం చేస్తున్న కాల్ సెంటర్లు మన దేశంలోనే నడుస్తున్నాయని ఆ కేసుల్లో బయటపడింది. అమెరికాలో మనవల దగ్గరకు వెళ్లిన మీ అమ్మానాన్నలకు కూడా ఈ నీలం తెర గురించి ఒక మాట చెప్పి ఉంచండి.

ఇక డబ్బు సంగతి. ఇలాంటి మోసాలపై బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ 2017 జూలైలో ఆదేశాలు ఇచ్చింది. వాటి ప్రకారం మన పొరపాటు వల్ల, అంటే ఓటీపీ లాంటివి చెప్పడం వల్ల డబ్బు పోతే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం మనదే. తెలియజేసిన తర్వాత జరిగేది బ్యాంకు భరించాలి. ఇప్పుడు ఆ అబ్బాయి లెక్క చూడండి. మొదటి రోజే ఇంట్లో నోరు విప్పి ఉంటే పోయేది 4,999. మిగిలిన 36,000 పోయింది వాడి భయం వల్లే. ఆ భయం వాడికి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. అంతకు ముందు నెలలో టీవీ రిమోట్ పగిలితే ఇంట్లో వారం రోజులు గొడవ జరిగిందట.

తండ్రిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. మా బడి చేసిందీ తక్కువేం కాదు. హోంవర్క్ నోట్‌బుక్ మర్చిపోయినా డైరీలో ఎర్ర సిరాతో రాసి సంతకం తెమ్మంటాం. తప్పు దాచుకోవడం పిల్లలు మా దగ్గరే సగం నేర్చుకుంటున్నారు. ప్రాజెక్ట్ ఇచ్చి ఇంటర్నెట్‌లో వెతుక్కోండి అని పంపేది మేమే, వెతికేటప్పుడు ఏం ఎదురవుతుందో చెప్పనిదీ మేమే. వైరస్ అంటే ఏమిటి అని 2 మార్కుల ప్రశ్న మాత్రం ప్రతి ఏడూ అడుగుతాం. ఆ అబ్బాయి దానికి 2కి 2 తెచ్చుకున్నాడు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. యాంటీవైరస్ కొనడం కంటే ముందు మీ పిల్లలకు ఒక మాట ఇవ్వండి. కంప్యూటర్‌లో, ఫోన్‌లో ఏం జరిగినా వెంటనే వచ్చి చెబితే ఆ రోజు తిట్లు ఉండవని. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం కష్టం, 40,000 పోయినప్పుడు మరీ కష్టం. మాట తప్పితే మాత్రం పిల్లవాడు రెండోసారి చెప్పడు.

వాడు వచ్చి చెప్పగానే వైఫై ఆపేయండి. 1930కు ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్. డబ్బు చేతులు మారేలోపు ఆపడానికి వాళ్లు ప్రయత్నిస్తారు కాబట్టి ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. వెంటనే బ్యాంకుకూ చెప్పండి. ఆ యాప్ తీసేయండి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చుకోండి. ఎలా జరిగిందన్న విచారణ అంతా అయ్యాక చేసుకోవచ్చు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు ల్యాబ్ తెరిచే ఉంచుతాను. అచ్చం ఆ నీలం తెరలాంటిదే ఒకటి తయారు చేసి మూడు కంప్యూటర్లలో పెడుతున్నాను, గొంతుతో సహా. మీ అమ్మాయినో అబ్బాయినో పక్కన కూర్చోబెట్టుకుని దాన్ని మూసి చూడండి. ప్రోగ్రెస్ కార్డు తర్వాత తీసుకోవచ్చు.