వెనక సీటు గోడు వినేదెవరు?

మన ఇళ్లలో మోటారు సైకిలు సంగతంతా మగవాళ్ల ఖాతా. కొనేటప్పుడు మైలేజీ ఎంతిస్తుందని అడిగేది వాళ్లే. రంగు మాత్రం మనల్ని అడుగుతారు, అదీ పిల్లలు ఒప్పుకుంటేనే! సర్వీసింగుకి తీసుకెళ్లేదీ వాళ్లే. ఇంజనాయిలు మార్పించాను, చైను బిగించాను, ప్లగ్గు శుభ్రం చేయించాను అని ఇంటికొచ్చి లెక్క చెబుతారు. ఆ లెక్కలో ఉన్నవన్నీ బండి ముందుకి పోవడానికి కావలసినవే. వెనక కూర్చున్న మనిషి నడుం ఏమైపోతోందన్న ముక్క మాత్రం అందులో ఎక్కడా ఉండదు.

ఇంజను బాగున్నంత కాలం బండి బాగున్నట్టే అని ఒక నమ్మకం. 1985లో వచ్చిన సీడీ హండ్రెడ్, 1994లో వచ్చిన స్ప్లెండర్ మన మధ్యతరగతి కొంపలకి ఆ నమ్మకాన్ని బాగా అలవాటు చేశాయి. హోండాతో పొత్తు తెగిపోయి 2011లో హీరో పేరు మార్చుకున్నా, ట్యాంకు మీద హీరో హోండా అన్న పాత అక్షరాలతోనే తిరిగే బళ్లు మన వీధుల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. పిల్లవాడు పుట్టకముందు కొన్న బండి మీద ఇప్పుడు ఆ పిల్లవాడే కాలేజీకి వెళ్తున్నాడు. ఆ ఇంజనుకి దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఇంజనుతో పాటు పుట్టిన షాక్ అబ్జార్బర్లకి, అదే మన మెకానిక్ భాషలో షాకబ్జర్లకి, అంత ఆయుష్షు లేదు. అవి పొగ కక్కవు, మధ్య దారిలో ఆగిపోవు. చడీచప్పుడూ లేకుండా చచ్చిపోతాయి. వాటి చావు కబురు మొదట అందేది వెనక సీటుకే.

అదెందుకో కాస్త చూద్దాం. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి రెండు షాకబ్జర్లుంటాయి కదా! ఒక్కోదానిలో రెండు పనులు జరుగుతాయి. పైకి కనిపించే స్ప్రింగు బరువు మోస్తుంది. గుంత వచ్చినప్పుడు నొక్కుకుని, మళ్లీ సాగుతుంది. దాన్ని అలా వదిలేస్తే పరుపు మీద గెంతే పిల్లల్లా ఎగురుతూనే ఉంటుంది. అందుకని లోపల ఒక గొట్టం, అందులో కొంచెం ఆయిలు, సన్నటి రంధ్రాలున్న ఒక పిస్టను పెట్టారు. ఆయిలు ఆ సందుల్లోంచి కష్టపడి దూరుతుంది కాబట్టి స్ప్రింగు గెంతు అక్కడికక్కడే అణిగిపోతుంది. ఏళ్లు గడిచేసరికి సీలు అరిగి ఆయిలు కారిపోతుంది, ఉన్నది పలచబడుతుంది. ఇక మిగిలేది ఉత్త స్ప్రింగు. బండి బాగానే నడుస్తుంది. గతుకు వచ్చినప్పుడు మాత్రం ఒకసారి ఎత్తేసి ఊరుకోకుండా మూడుసార్లు ఎత్తేస్తుంది.

ముందు కూర్చున్నాయన రెండు చక్రాలకీ మధ్యలో ఉంటాడు. ఉయ్యాల బల్ల మీద మధ్యలో కూర్చున్నవాడికీ, చివర కూర్చున్నవాడికీ ఎంత తేడానో వీళ్లిద్దరికీ అంత తేడా. మనం కూర్చునేది దాదాపు వెనక చక్రం పైన. చక్రం ఎంత లేస్తే అంతా మనకే. పైగా ఆయనకి గుంత ముందే కనిపిస్తుంది. చేతిలో హ్యాండిలు ఉంది, కాళ్ల మీద కొంచెం లేచి దెబ్బ తప్పించుకుంటాడు. మనకి కనిపించేది ఆయన వీపు. చీర కట్టుకుని రెండు కాళ్లూ ఒకే పక్కకి వేసి, నడుం కొంచెం మెలితిప్పి, ఒళ్లో పిల్లనో కూరల సంచినో పట్టుకుని కూర్చుంటాం. మోకాళ్లు వంచి అదురు ఆపుకునే వీలు అసలే లేదు. దెబ్బంతా వెన్నుపూస అడుగున తగులుతుంది. రాత్రి నడుం పట్టేసిందని అంటే బోరింగు కొట్టావేమో, బట్టలుతికావేమో అంటారు గానీ, బండి మీద పది కిలోమీటర్లు వెళ్లొచ్చావు కదా అన్నమాట ఎవరూ అనరు. నడుం నొప్పికి కారణాలు నూరుంటాయి, నిజమే. వాటిలో ఒకటి ఇంటి ముందు స్టాండు వేసుకుని నిలబడి ఉందని చెప్పడమే నా ఉద్దేశం.

నొప్పితో పోతే నయం. స్పీడు బ్రేకరు దగ్గర బండి ఎగిరి వెనకున్న మహిళ కిందపడి తలకి దెబ్బ తగిలిందన్న వార్త జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదవలేదు? పక్కకి కూర్చున్న మనిషికి పట్టు తక్కువ. ఆయిలు పోయిన షాకబ్జరు మొదటి కుదుపులో మనల్ని సీటు మీద నుంచి లేపుతుంది. మనం కిందికి దిగేలోగా సీటు రెండోసారి పైకొస్తుంది. ఆ రెండో దెబ్బే ప్రమాదం. ఇక మన స్పీడు బ్రేకర్ల సంగతి చెప్పేదేముంది! ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో పెట్టిన కొలత ప్రకారం బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంటే మెల్లగా ఎక్కి మెల్లగా దిగే చిన్న దిబ్బ అన్నమాట. మన సందుల్లో ఉన్నవి? మిగిలిపోయిన కాంక్రీటుతో కట్టిన పొయ్యిగట్లలా ఉంటాయి.

వెనక కూర్చునేవాళ్ల గురించి చట్టం అసలు ఆలోచించలేదా అంటే, ఆలోచించింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది మనకోసమే రాసినట్టుంటుంది. వెనక మనిషి కూర్చునే వీలున్న ప్రతి మోటారు సైకిలుకీ పట్టుకునేందుకు పిడి ఉండాలి, కాళ్లు పెట్టుకునే చోటుండాలి, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండాలి అంటుంది. మనం చీర గార్డు అనేది దాన్నే. కుర్రాళ్లు బండి కొన్న మర్నాడే అది పీకేసి అటక మీద పడేస్తారు, అందం చెడుతోందని! చీర సంగతి చూసిన చట్టం నడుం సంగతి ఇంట్లోవాళ్లకి వదిలేసింది. మరి ఇంట్లోవాళ్లు చేస్తున్నదేమిటి?

పాత బండి మీద డబ్బు పెట్టడం లేదా అంటే, పెడుతున్నారు. చప్పుడు మారే సైలెన్సరు, మెరిసే అద్దాలు, ట్యాంకు మీద స్టిక్కర్లు. మనం మరీ గొణిగితే మెత్తటి సీటు కవరొకటి. ఆ స్పాంజి నెల రోజుల్లో అణిగిపోతుంది. కింద షాకబ్జరు చచ్చి ఉంటే పైన ఎంత మెత్త వేసినా ఒరిగేదేమీ లేదు. చిన్న బండికి వెనక జత మార్చడానికయ్యే ఖర్చు పండక్కి కొనే ఓ మోస్తరు పట్టుచీర కంటే తక్కువే. ఆ డబ్బు ముందు అక్కడ పెట్టాలని నేనంటాను. ఇంజను తర్వాత, బ్రేకులూ టైర్లూ తర్వాత, మిగతా అన్నిటికంటే ముందు.

షాకబ్జర్లు పోయాయో లేదో తెలుసుకోవడానికి మెకానిక్కే అక్కర్లేదు. మెయిన్ స్టాండు తీసి, ఎవరినైనా హ్యాండిలు పట్టుకోమని, సీటు వెనక భాగాన్ని రెండు చేతులతో బలంగా నొక్కి వదలండి. లేచి, నిలిచిపోతే మంచిది. లేచి, దిగి, మళ్లీ లేచి ఊగుతుంటే లోపల ఆయిలు పని అయిపోయినట్టే. స్ప్రింగు సందులో గుడ్డ పెట్టి తుడవండి. దుమ్ముతో కలిసిన జిడ్డు అంటితే సీలు కారుతోందన్నమాట. ఇద్దరెక్కి గుంతలో పడ్డప్పుడు టక్కుమని ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడొస్తే ఇక పరీక్షే అక్కర్లేదు.

మార్చాలని ఒప్పించారే అనుకోండి, అక్కడ ఇంకో చిక్కుంది. ఇంట్లో కుర్రాడుంటే, "అమ్మా, పెద్ద బండివి గ్యాసు షాకబ్జర్లు వేయిద్దాం, పక్కనే చిన్న సీసా ఉంటుంది, అదిరిపోతుంది" అంటాడు. అదిరిపోయేది నిజంగా మన నడుమే! పెద్ద బండి స్ప్రింగు ఆ బండి బరువుకి తగ్గట్టు చేసింది. దాన్ని నూరు సీసీ బండికి బిగిస్తే నొక్కుకోనే నొక్కుకోదు, చెక్క దుంగ మీద కూర్చున్నట్టుంటుంది. పొడవులో తేడా ఉన్నా ఇబ్బందే. పొడుగైతే వెనక లేచి హ్యాండిలు నడక మారుతుంది, స్టాండు సరిగా ఆనదు, చైను బిగువు కూడా మారిపోతుంది. గ్యాసు వాటిలో మంచి గుణం లేకపోలేదు. గతుకుల దారిలో ఆగకుండా చాలాసేపు నడిపితే మామూలు వాటిలో ఆయిలు నురగెత్తి పట్టు తప్పుతుంది. గ్యాసు ఒత్తిడి ఆ నురగని తగ్గిస్తుంది. మన బండి మోడలుకే, అదే పొడవులో, ఆ బరువుకే చేసినవి దొరికితే వేయించుకోవచ్చు. లేకపోతే కంపెనీ వేసిన రకమే కొత్త జత వేయిస్తే చాలు, పాత బండి మీదే తేడా తెలిసిపోతుంది. ఒకటే పోయింది కదా అని ఒకటే మార్చకండి. ఒక చెప్పు కొత్తది, ఒక చెప్పు అరిగింది వేసుకు నడిచినట్టవుతుంది.

ఇంకో చిన్న సంగతి. దీనికి పైసా ఖర్చు లేదు. చాలా బళ్లకి షాకబ్జరు స్ప్రింగు దగ్గర మెట్లు మెట్లుగా కోసిన ఒక రింగు ఉంటుంది. కొక్కెం లాంటి స్పానరుతో దాన్ని ఒక మెట్టు తిప్పితే స్ప్రింగు ముందుగానే కొంచెం నొక్కుకుని ఉంటుంది. ఇద్దరు ఎక్కినా వెనక భాగం మరీ దిగబడిపోదు, గుంతలో అడుక్కి కొట్టదు. ఒక్కడే ఆఫీసుకెళ్లేందుకు షోరూములో పెట్టిన మెట్టు మీదే బండి జీవితమంతా గడిచిపోతుంది, మన బరువు ఎవరూ లెక్కలో వేసుకోరు! తిప్పేటప్పుడు రెండు పక్కలా ఒకే మెట్టులో ఉండాలి. అలాగే వెనక టైరు గాలి. ఒకరుంటే ఇంత, ఇద్దరుంటే ఇంత అని బండితో ఇచ్చిన పుస్తకంలోనే వేరువేరుగా రాసి ఉంటుంది. గాలి కొట్టేవాడికి ఆ రెండో అంకె ఎవరు చెబుతారు? మనమే చెప్పాలి.

వెనక మార్చి ముందు వదిలేస్తే సగం పనే. ముందు ఫోర్కుల్లోనూ ఆయిలుంటుంది. అది ఏళ్ల తరబడి మార్చక నల్లటి బురదలా అయిపోయి ఉంటుంది. సీళ్లు కారితే గొట్టాల మీద నూనె చారలు కనిపిస్తాయి. పాత ఆయిలు తీసి, కంపెనీ చెప్పిన చిక్కదనంలో, చెప్పిన కొలతలో రెండు పక్కలా సమానంగా పోయించాలి. కొంతమంది మెకానిక్కులు ఇంజనాయిలు మిగిలితే అదే పోసేస్తారు. డబ్బా చూపించమని అడగండి, తప్పేం లేదు. వెనక చక్రాన్ని పట్టుకునే ఇనుప చేతికి ఉండే బుష్‌లు అరిగిపోతే మాత్రం కొత్త షాకబ్జర్లు వేసినా బండి తోక ఊపుతూనే ఉంటుంది. అవి కూడా ఆ రోజే చూపించడం మంచిది.

"మెల్లగా పోనిస్తాలే, ఇప్పుడెందుకీ ఖర్చు" అనే మాట తప్పకుండా వస్తుంది. మెల్లగా పోనివ్వడం మంచిదే. కానీ లారీ వెనకనుంచి హారను కొడుతుంటే, స్కూలు గంట మోగుతుంటే ఏ మగాడూ మెల్లగా పోనివ్వడు. "ఈ పాతదాని మీద పెట్టేకంటే కొత్తది కొందాం" అన్నది రెండో మాట. వాయిదాల మీద కొత్త బండి వచ్చేదాకా, అది వచ్చే ఏడో పైయేడో, ఈ లోపల నడుం ఎవరిది? కొత్త బండి మీద కూడా పదేళ్లకి ఇదే కథ మళ్లీ మొదలవుతుంది. కడుపుతో ఉన్న కోడల్ని ఇలాంటి బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్లి, గతుకుల్లో జాగ్రత్తరా అని కొడుక్కి చెప్పే అత్తగార్లు, ఒక్కమాట షాకబ్జర్ల గురించి కూడా చెబితే బాగుండును.

మనం మాత్రం చేయగలిగింది లేదా? వీలున్నవాళ్లు చుడీదారు వేసుకున్న రోజైనా రెండు పక్కలా కాళ్లేసి కూర్చోవచ్చు. మోకాళ్లకి పని దొరుకుతుంది, నడుముకి తగ్గుతుంది, పట్టూ బాగుంటుంది. చూసేవాళ్లు ఏమనుకుంటారో అన్న బెంగ చాలామందికి తీరిపోయింది. తీరనివాళ్లు ఆ వెనక పిడిని గట్టిగా పట్టుకోండి, భర్త భుజం మీద చెయ్యేసి ఊరుకోకండి.

ఇక షెడ్డుకి మీరూ వెళ్లండి. కొత్త జత బిగించాక మెకానిక్కు ట్రయలు చూస్తానని ఒక్కడే ఓ చుట్టు చుట్టి వచ్చి "సూపర్‌గా ఉంది సార్" అంటాడు, అదీ మనాయనతో. ఒక్కడు తిరిగితే ఏం తెలుస్తుంది? "బాబూ, నేను వెనక కూర్చుంటాను, ఆ సందు చివర బ్రేకరు దాకా ఈయన్ని పోనివ్వమను, స్పానరు దగ్గర పెట్టుకో" అనండి. బాగోకపోతే ఒక మెట్టు తిప్పించుకోండి, మళ్లీ కూర్చుని చూడండి. పాత జత అక్కడ వదిలెయ్యకుండా సంచిలో వేయించుకుని రండి. ఈ చిన్న బళ్లవి చాలావరకు విప్పి బాగుచేయడానికి పనికొచ్చేవి కావు. అయినా రంగేసి, కొత్త స్టిక్కరంటించి ఇంకో బండికి ఎక్కించే మహానుభావులున్నారు. ఆ బండి వెనక సీటు మీదా మనలాంటి మనిషే కూర్చుంటుంది.