కీలు మార్చిన పిదప

గుంటూరు మిరప గిడ్డంగులలో నేలపై కూర్చుండి తొడిమలు తీయు స్త్రీలకును, ప్రకాశం చేలలో వంగి ప్రత్తి తీయు కూలీలకును మోకాలి నొప్పి క్రొత్త సంగతి కాదు. అరిగిన కీలును మార్చు శస్త్రచికిత్స నేడు గుంటూరు, ఒంగోలు పట్టణములలోనే లభించుచున్నది. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ఈ కృత్రిమ కీళ్ల ధరలకు గరిష్ఠ పరిమితి విధించుటతో భారము కొంత తగ్గినది. ఇది హర్షణీయమే. అయితే కుట్లు విప్పిన నాటితో వైద్యము ముగిసినదని తలంచుట సరి కాదని నా అభిప్రాయము.

కృత్రిమ కీలు కూడ ఒక యంత్రమే. తొడ ఎముక చివర లోహపు తొడుగు, క్రింది ఎముకపై లోహపు పళ్లెము, రెంటి నడుమ పాలిథిలీన్ పలక అమర్తురు. ఏండ్ల తరబడి నడచిన కొలది పలక అరుగును. కంటికి కానరాని ఆ రజను వలన చుట్టునున్న ఎముక క్రమముగా క్షీణించి, పట్టు సడలి, కీలు వదులు కావచ్చును. తొలుత నొప్పియే ఉండకపోవచ్చును. జారిపడినచో అమరిక ప్రక్కనున్న ఎముక విరుగవచ్చును. అప్పుడు చేయవలసిన రెండవ శస్త్రచికిత్స మొదటిదానికన్న కఠినము, వ్యయభరితము.

భయపెట్టుట నా ఉద్దేశము కాదు. ఇట్టి కీళ్లలో సుమారు 82 శాతము 25 ఏండ్లు నిలుచునని 2019లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన అధ్యయనము తెలిపినది. అమర్చిన ప్రతి కీలును జాబితాకెక్కించిన దేశముల లెక్కల నుండియే ఈ సంగతి తేలినది. స్వీడన్ 1975లోనే అట్టి జాబితాను ప్రారంభించినది. ఏ నమూనా త్వరగా చెడునో దానివలననే తెలియును.

కంపెనీ పేరు, కొలత, లాటు సంఖ్య గల కార్డును తెలుగులోను, ఉర్దూలోను ఇచ్చుట ఆసుపత్రి ధర్మము. నొప్పి లేకున్నను వైద్యుడు చెప్పిన గడువున ఎక్స్‌రే తీయించుకొనుట రోగి ధర్మము. పేదలకు ఆ పరీక్షయు, అవసరమైన రెండవ శస్త్రచికిత్సయు అందునట్లు చూచుట ప్రభుత్వ ధర్మము. నేలపై కూర్చుండవద్దని వైద్యుడు చెప్పిన కూలి స్త్రీకి ఎత్తు పీట వేయుట యజమాని ధర్మము.

విద్యార్థులారా! మీ ఇంటిలో ఆ ఆంగ్ల కాగితమును చదువగల మొదటి వ్యక్తి మీరే కావచ్చును. పొలము దస్తావేజుతో పాటు దానిని భద్రపరచుడు. అమ్మ కాలికి క్రొత్తగా వాపు వచ్చినదా, నడక తడబడుచున్నదా గమనించుడు. ఆమె వయసు మళ్లినదని సరిపెట్టుకొనక వైద్యుని కడకు తోడ్కొని పొండు.