మొండి విషాలకు లేని ఎల్లలు లెక్కలకెందుకు?



ఛందస్సు, వ్యాకరణం అంటూ వ్రాసుకునే ఈ పంతులుకు రసాయనాలతో పని ఏమిటని కొందరికి అనిపించవచ్చును. పని మాటతోనే మొదలయింది. ఆంగ్లంలో 'పర్సిస్టెంట్ ఆర్గానిక్ పొల్యూటెంట్స్' అనే వాటిని కొందరు తెలుగులో 'సేంద్రియ కాలుష్యకాలు' అంటున్నారు. సేంద్రియమనగానే నేటి తెలుగువానికి స్ఫురించేది పశువుల ఎరువు, మందులు కొట్టని కూరగాయలు. రసాయన శాస్త్రంలో మాత్రం ఆ మాటకు కర్బనంతో కూడినదని మాత్రమే అర్థం. డీడీటీని సేంద్రియమని పిలిచిన తరువాత దానిని చూచి జంకేవాడెవడు? తీరక ఏళ్ళ తరబడి ఖాతాలో పడి ఉండే బాకీని బ్యాంకులవారు మొండి బకాయి అంటారు. చక్కని తెలుగు. ఆ వరుసలోనే నేను వీటిని మొండి విషాలంటాను.

ఆ మొండితనమెట్టిదో చూడండి. ఇవి ఎండకు, వానకు, సూక్ష్మజీవులకు అంత త్వరగా లొంగవు. వీటిలో చాలావరకు నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. నాచులో కొంత, నాచును తిన్న చేపపిల్లలో మరికొంత, దానిని తిన్న పెద్దచేపలో ఇంకా ఎక్కువ, ఆ చేపను తిన్న పక్షిలోనో మనిషిలోనో మరీ ఎక్కువ. ఇలా మెట్టుమెట్టుకూ పోగుపడతాయి. వేడి ప్రాంతంలో ఆవిరై గాలినెక్కుతాయి, చల్లని చోట దిగుతాయి, మళ్ళీ వేడి తగిలితే లేస్తాయి. మిడత గంతులు వేసినట్లు ఖండాలు దాటుతాయి. ఉత్తర క్విబెక్‌లోని ఇన్యూట్ ప్రజలు పీసీబీలను తయారు చేసినవారు కారు. అయినా 1980లలో ఆ తల్లుల పాలను పరీక్షిస్తే, దక్షిణ క్విబెక్ తల్లుల పాలలో కన్నా దాదాపు 5 రెట్లు పీసీబీలు తేలాయి. పూతన తెలిసి విషపుపాలిచ్చింది. ఈ తల్లులకు తెలియనే తెలియదు. (అలాగని తల్లిపాలు మానరాదు. బిడ్డకు వాటి మేలే ఎక్కువ అని వైద్యులు చెబుతూనే ఉన్నారు. మాన్పించవలసింది పాలను కాదు, విషాన్ని.)

వీటిని అరికట్టడానికి 2001 మే నెలలో స్టాక్‌హోమ్ ఒప్పందం కుదిరింది. 2004లో అమలులోకి వచ్చింది. 2006 జనవరిలో మన దేశం దానిని ధ్రువీకరించింది. బంగ్లాదేశ్, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులు కూడా అందులో భాగస్వాములే. మొదట 12 రసాయనాలతో ఆరంభమైన పట్టిక నేడు 30 దాటింది. మనవారు ఈ కథను ఇక్కడితో ముగిస్తారు. నిషేధించాము గదా, ఇక చింత ఏల అంటారు. నా తగవు సరిగ్గా ఇక్కడే.

నిషేధం ఒక ఆజ్ఞ మాత్రమే. ఆజ్ఞ నెరవేరిందో లేదో చెప్పేది కొలత. ఆ సంగతి ఒప్పందం వ్రాసినవారికి తెలుసు. కనుకనే 16వ అధికరణంలో, ఒప్పందం ఫలించిందో లేదో తేల్చాలంటే ఒకదానితో ఒకటి పోల్చదగిన కొలతలు కావాలన్నారు. వాటిని వీలున్నచోట ప్రాంతాలవారీగా సేకరించాలన్నారు. గాలి, తల్లిపాలు, మనిషి రక్తం ముఖ్యమైన సాక్షులు. పీఎఫ్ఓఎస్ వంటి కొత్త విషాలకు నీరు కూడా సాక్షే. మనం సంతకం చేసింది నిషేధానికి మాత్రమే కాదు, ఈ సాక్ష్యాన్ని ఇరుగుపొరుగుతో కలిసి పోగుచేయడానికి కూడా. రెండవది మరచిపోయాము.

'పోల్చదగిన' అన్న విశేషణాన్ని తేలికగా తీసుకోరాదు. పదవతరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్ళిన ఏ ఉపాధ్యాయునికైనా దాని విలువ తెలుస్తుంది. ఒకే జవాబుపత్రానికి ఒకరు 60 వేస్తే మరొకరు 45 వేయగలరు. అందుకే అందరికీ ఒకే మూల్యాంకన సూత్రాలు, పైన తిరిగి చూడడానికి చీఫ్ ఎగ్జామినర్. ఆ ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో కాసరగోడు చెబుతుంది. అక్కడి జీడిమామిడి తోటలపై 1970ల చివరి నుంచి 2000 వరకు హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. 2001లో ఒక సంస్థ పరీక్షించి మనుషుల రక్తంలో ఆ మందు ఉందన్నది. అదే సంవత్సరం మరొక సంస్థ పరీక్షించి లేదన్నది. ఊరు ఒకటే, మందు ఒకటే, లెక్కలు మాత్రం రెండు. ఏ లెక్క నిజమని వాదించుకుంటూ ఉండగా ఏళ్ళు గడిచాయి. 2011లో జెనీవాలో ఎండోసల్ఫాన్‌ను పట్టికలో చేర్చేటప్పుడు మన దేశం మొదట ఎదురుచెప్పి, చివరకు మినహాయింపులతో ఒప్పుకున్నది. అదే మే నెలలో సుప్రీంకోర్టు దానిని ఆపివేసింది. 2017 జనవరిలో బాధితులకు 5 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇమ్మన్నది. అందరూ నమ్మే కొలత మొదటే ఉండి ఉంటే ఇంత కాలం పట్టేదా? పత్తిచేలలో ఆ డబ్బాలు మోసిన తెలుగు రైతులు కూడా ఈ ప్రశ్న అడగవచ్చును.

"కొలవడం సరే, పొరుగువాడితో కలిసి ఎందుకు?" అన్నది తరువాతి ప్రశ్న. గాలి పాస్‌పోర్టు చూపించి రాదు కనుక. నైరుతి ఋతుపవనం మన సముద్రాల మీద పుట్టి, మన పొలాల మీదుగా సాగి, హిమాలయాలను తాకుతుంది. ఎవరెస్టు హిమానీనదం నుంచి తవ్వి తీసిన మంచుస్తంభంలో డీడీటీ, హెచ్‌సీహెచ్ జాడలు పొరలుపొరలుగా ఉన్నాయని చైనా శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించారు. మనం వ్రాయని దినచర్యను మంచు వ్రాసుకున్నది. దానిని చదివినవారు మనం కాదు.

ఇక, వైరం ఉన్నచోట సహకారం అసంభవమనే పెద్దమనుషులకు రెండు ఉదాహరణలు చాలు.

మొదటిది బాల్టిక్ సముద్రం. 1966లో సోరెన్ యెన్సెన్ అనే స్వీడన్ రసాయనవేత్త డీడీటీ కోసం వెదుకుతూ, ఆ సముద్రపు గద్దలలో పీసీబీలను పట్టుకున్నాడు. 1974లో ఆ తీరదేశాలన్నీ హెల్సింకిలో ఒప్పందం చేసుకున్నాయి. ఆ సంతకాలలో సోవియట్ యూనియన్ ఉంది, పశ్చిమ జర్మనీ ఉంది, తూర్పు జర్మనీ ఉంది. ఒకరిమీద ఒకరు క్షిపణులు గురిపెట్టుకున్న కాలమది. అయినా చేపలోని విషాన్ని కలిసి లెక్కపెట్టవచ్చునని అనుకున్నారు.

రెండవది మన ఇంటిలోదే. 1990ల నుంచి ఉపఖండంలో రాబందులు రాలిపోయాయి. మన దేశంలో ఒక జాతి 99 శాతానికి పైగా నశించింది. ఏ రోగమోనని మనవారు వెదుకుతూండగా, పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి చూచిన పరిశోధకులు కారణం కనుగొన్నారు. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ నొప్పిమందు అని 2004లో ప్రకటించారు. 2006లో భారతదేశం, నేపాల్, పాకిస్తాన్ మూడూ పశువైద్యంలో దానిని నిషేధించాయి. 2010లో బంగ్లాదేశ్ కలిసింది. డైక్లోఫెనాక్ మొండి విషం కాదు, త్వరగానే విరిగిపోతుంది. నేను చెప్పేది దారి గురించి. సీతను ఎటు తీసుకుపోయారో చెప్పి ప్రాణం విడిచినవాడు జటాయువు. అతని వంశమే సరిహద్దు అవతల సాక్ష్యం చెప్పింది, ఇవతల మనం విన్నాము. శత్రుదేశపు కళేబరమని తోసిపుచ్చి ఉంటే ఇక్కడ మిగిలినవి కూడా మిగిలేవి కావు.

తూర్పు ఆసియాలో 2002 నుంచి జపాన్ చొరవతో పొరుగు దేశాలు మొండి విషాల కొలతలో చేతులు కలిపాయి. మనకు మాత్రం ఏమి తక్కువ? 1998లోనే మాలే ప్రకటన పేరిట దక్షిణాసియా దేశాలు ఎల్లలు దాటే వాయుకాలుష్యం గురించి మాట ఇచ్చుకున్నాయి. కొలంబోలో 1982 నుంచి దక్షిణాసియా పర్యావరణ సహకార సంస్థ ఉంది. నాగపూరులోని నీరి సంస్థ స్టాక్‌హోమ్ ఒప్పందానికి ఆసియా ప్రాంతీయ కేంద్రం. పీటలున్నాయి, విస్తళ్ళున్నాయి, వడ్డించే మనసే లేదు. 2014 కాఠ్మండు తరువాత సార్క్ శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. నాయకులు కలవలేదని గాలి ఆగిందా?

నాకు ఎదురయ్యే ఆక్షేపణలు మూడు.

ఒకటి, ఖర్చు. విషాన్ని తూచే యంత్రాలు ఖరీదైనవే. కానీ గాలిలోని విషాన్ని పట్టడానికి కరెంటు అక్కరలేని నురుగు బిళ్ళలు ఉన్నాయి. లోహపు గిన్నెల నడుమ నెలల తరబడి వ్రేలాడదీసి, ఆపై ప్రయోగశాలకు పంపితే చాలు. ఖరీదైన యంత్రం ప్రతి దేశానికీ అక్కరలేదు. ఉన్నవారు లేనివారికి కొలిచిపెట్టవచ్చును. కలిసి చేస్తే తగ్గేది ఖర్చే.

రెండు, దోమలు. డీడీటీ లేకపోతే మలేరియా ప్రబలుతుందంటారు. ఆ ఒప్పందమే రోగవాహక కీటకాల నివారణకు డీడీటీని మినహాయించింది. కొలత మందును నిషేధించదు. గోడమీద చల్లిన మందు గోడమీదనే ఉన్నదో, చేలలోకి జారిందో చెబుతుంది. నిజాయితీగా వాడేవానికి కొలత చుట్టమే.

మూడవది అన్నిటికన్నా బలమైనది. "ధనికదేశాలు తాము కావలసినంత వాడుకుని ఇప్పుడు మనకు నీతులు చెబుతున్నాయి. మన లెక్కలు బయటపెడితే మన ఎగుమతులనే కొడతారు" అంటారు. మొదటి సగం నిజమే, కాదనను. కానీ రెండవ సగం తలక్రిందులు. లెక్క మనం కట్టకపోతే లెక్క లేకుండా పోదు, పరాయివాడు కడతాడు. మన మిరపకాయలో ఏముందో కొన్నిసార్లు అవతలి రేవులోని ప్రయోగశాల చెప్పగా మనం వింటున్నాము. మన గాలి చరిత్ర చైనా మంచులో చదువుకుంటున్నాము. చేతిలో సొంత కొలత లేనివాడు సభలో వాదించలేడు, బ్రతిమాలుకోగలడు లేదా మొండికేయగలడు. 2011 జెనీవాలో మనం చేసింది ఆ రెండవది.

కనుక నేను కోరేవి మూడే. హిమాలయపు పాదం నుంచి లంక దాకా ఎంచుకున్న చోట్ల ఒకే పద్ధతిలో, ఏటా అదే ఋతువులో, గాలిని, నీటిని పరీక్షించాలి. ఒక్కనాటి హాజరు చూచి పిల్లవాడు బడికి వస్తున్నాడని ఏ పంతులూ వ్రాయడు. రెండు, అన్ని దేశాల ప్రయోగశాలలకు ఒకే నమూనాను పంపి, ఎవరి తూకం ఎంత సరిగా ఉందో బహిరంగంగా తేల్చాలి. మూడు, వచ్చిన అంకెలను గడువులోగా ప్రజల భాషలలో ప్రకటించాలి. తెలుగులో కూడా. అప్పుడు ఆ మొండి విషాలను 'సేంద్రియ'మని మాత్రం వ్రాయవద్దు.

దేవదానవులు కలిసి చిలికితేనే హాలాహలం పుట్టింది. అది పుట్టాక నీదా నాదా అని వారు తగవులాడలేదు, ఇరువురూ కలిసి పరుగెత్తి శివునికి మొరపెట్టుకున్నారు. మన విషాన్ని మ్రింగడానికి గరళకంఠుడు ఎవడూ రాడు. ప్రస్తుతం దానిని మ్రింగుతున్నది చేప, పక్షి, పసిబిడ్డ. కనీసం ఎంత మ్రింగుతున్నారో లెక్క వ్రాయడానికైనా ఇరుగుపొరుగులం ఒకచోట కూర్చోలేమా?

విభేదించేవారు నిస్సంకోచంగా వ్యాఖ్యానించండి. కోపమైనా సరే, కారణంతో చెప్పండి.

స్వస్తి.