ఏ నూనైతేనేం?

"ఏ నూనైతేనేమమ్మా, చైను తిరగడానికి!" అన్నాడు మా వీధి చివర సైకిలు షాపతను.

అతని చేతిలో ఒక మసిబారిన డబ్బా. అందులో ఏదో బండిలోంచి దింపిన పాత ఇంజనాయిలు. మా అమ్మాయి సైకిలు గొలుసు మీద దాన్ని అభిషేకం చేసినట్టు పోసేశాడు. ఆ సాయంత్రం పిల్ల తెల్లటి యూనిఫారం పైజామా మీద నల్ల చారలతో ఇంటికొచ్చింది. అవి ఏ సబ్బుకీ లొంగలేదు. ఉతికేది నేను కాబట్టి నాకు తెలుసు!

అంతటితో అయిందా? గొలుసు ఊళ్ళో దుమ్మంతా మోసుకుంటూ కరకరలాడటం మొదలెట్టింది. కొన్ని నెలలకి అరిగి, వదులై, ఒకనాడు మునిమాపువేళ నడిరోడ్డు మీద ఊడిపోయింది. పిల్ల సైకిలు నడిపించుకుంటూ చీకటిపడ్డాక ఇల్లు చేరింది. "రేపట్నించి సైకిలు వద్దు, ఆటోలో వెళ్ళు" అని తీర్పు చెప్పారు మా వారు.

చూశారా! తప్పు నూనెది, శిక్ష పిల్లకి!

"నూనె సరిగ్గా లేకనే కదండీ" అంటే, "గొలుసుకి కూడా ఇంత రాద్ధాంతమా? ఏ నూనైతేనేం!" అని ఆయన మళ్ళీ పేపర్లో తలదూర్చారు.

నాకు ఒళ్ళు మండింది. ఆవకాయలో నువ్వులనూనెకి బదులు ఆముదం పోస్తే ఈ మాటే అంటారా? పచ్చడికేది, తలకేది, దీపానికేది అని ఇన్ని నూనెల తేడాలు తెలిసిన ఆడదాన్ని పట్టుకుని, "నీకేం తెలుసు" అనడానికి మాత్రం అందరికీ నోరొస్తుంది.

నేను చదివింది బి.ఏ. యంత్రాల గురించి నాకెవరూ చెప్పలేదు. అడిగి, చదివి తెలుసుకున్నాను. బ్రహ్మవిద్యేం కాదు. గొలుసు అరిగేది పైన కాదు, లోపల. ఒక్కో లంకెలో చిన్న ఇరుసు, దానిచుట్టూ తిరిగే రోలరు ఉంటాయి. హాన్స్ రెనాల్డ్ అనే ఆయన 1880లో మాంచెస్టర్‌లో కనిపెట్టిన ఏర్పాటది. నూనె చేరాల్సింది ఆ సందుల్లోకి. పైన మిగిలిన నూనె దుమ్ముకి పీట వేసి పిలవడానికే! నూనే ఇసుకా కలిసిన ముద్ద ఇనుముని కూడా నూరేస్తుంది.

మరి ఏ నూనె? పాత ఇంజనాయిల్లో ఉండేది మసీ, లోహపు రజనూ. ఒక బండి వద్దని కక్కినది మన పిల్ల సైకిలుకెందుకు? గ్రీజు బేరింగులకి మంచిదే కానీ చిక్కన. సందుల్లోకి దిగదు. మా అత్తగారు కొబ్బరినూనె పొయ్యమన్నారు. అది 24 డిగ్రీలకే పేరుకునే సరుకు. పైగా వంటనూనెలు గాలికి బంకలా మారతాయి. పొయ్యి వెనక గోడ తోమే మనకి ఆ జిడ్డు సంగతి వేరే చెప్పాలా?

ఇంకొందరు డబ్ల్యూడీ-40 కొట్టమంటారు. అది 1953లో అమెరికాలో లోహం మీది తేమని తరిమి, తుప్పు పట్టకుండా చూడటానికి చేసిన మందు. గొలుసు కోసం ఆ కంపెనీయే వేరే నూనె అమ్ముతోంది!

గొలుసుకని దొరికే నూనెలు ముఖ్యంగా రెండు రకాలు. దుమ్ము రేగే ఎండాకాలానికి పొడిరకం, వానలకి తడిరకం. లంకెకొక్క చుక్కే కాబట్టి చిన్న సీసా చాలాకాలం వస్తుంది. అదీ కొనలేకపోతే కుట్టుమిషను నూనె వాడండి. పల్చన కాబట్టి లోపలికి దిగుతుంది. వానకి కొట్టుకుపోతుంది కనుక తరచు వెయ్యాలి. ఏది వేసినా ముందు పాతగుడ్డతో మురికి తుడిచి, చుక్కలు వేసి, పెడలు వెనక్కి తిప్పి, కాసేపాగి పైన మిగిలింది పొడిగా తుడిచెయ్యాలి. పొయ్యడం కన్నా తుడవడమే ముఖ్యం.

"ఇదంతా ఆడపిల్లకెందుకు?" అంటారా? 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాలతో పాటు వేలమంది స్త్రీలు సైకిలూ నేర్చుకున్నారు. బీహారులో 2006 నుంచి హైస్కూలు ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్ళకి డబ్బిచ్చింది. ఎందుకు? సైకిలుంటే బడి దగ్గరవుతుంది కనుక. మరి గొలుసు ఊడితే? బడి మళ్ళీ దూరమే! సైకిలు పిల్లకిచ్చి నూనెడబ్బా ఇంకొకరి చేతిలో ఉంచితే ఆ స్వేచ్ఛ సగమే.

మా అమ్మాయి ఆటో ఎక్కలేదు. కొత్త గొలుసు వేయించాం. వారం వారం తనే తుడిచి నూనె వేసుకుంటోంది. ఊడితే ఎక్కించుకోవడమూ నేర్చుకుంది.

మొన్న వీధిగేటు కిర్రుమంటోందని మా వారు వంటింట్లోంచి కొబ్బరినూనె సీసా పట్టుకుని బయల్దేరారు. గుమ్మంలో కూతురు అడ్డం నిలబడింది.

"ఏ నూనె నాన్నా అది?"

ఆయన కిక్కురుమనకుండా వెనక్కి తిరిగారు!