ఊరిబడి కబుర్లు

పత్రికలకు బడి జ్ఞాపకం వచ్చేది ఏడాదికి రెండు మూడుసార్లే. పరీక్షా ఫలితాలు వచ్చినప్పుడొకసారి, జూన్‌లో ఫీజులు పెరిగినప్పుడొకసారి. ఊరిబడి అయితే ఏ గోడో కూలాల్సిందే! తక్కిన రోజుల్లో అక్కడ వార్తలు పుట్టవని కాబోలు విలేఖరుల ఉద్దేశం. పుడతాయండీ. రోజుకు నాలుగు పుడతాయి. అచ్చువేసే పత్రికే లేదు.

నాకు మాత్రం ఆ వార్తలు వారం వారం అందుతుంటాయి. మా పిన్ని కూతురు మెదక్ జిల్లాలో ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మ. ఐదు తరగతులు, రెండు గదులు, ఇద్దరు టీచర్లు, మొన్న మొన్నటిదాకా ఇరవై ఒక్కమంది పిల్లలు. ఆదివారం మధ్యాహ్నం ఫోను చేసి, "అన్నయ్యా, ఈ వారం విశేషాలు" అని మొదలుపెట్టిందంటే రేడియోలో వార్తలు చదివేవాళ్ళు కూడా ఆమె ముందు తీసికట్టే. రెండో తరగతి కుర్రవాడికి తమ్ముడు పుట్టాడు. మూడురోజులు రాలేదు, నాలుగోరోజు వచ్చి అందరి నోళ్ళలోనూ చక్కెర పోశాడు. ఐదో తరగతి పిల్ల వాళ్ళ మేనత్తకు పెళ్ళి. బడిలోని పెద్ద గిన్నెలు రెండూ పెళ్ళివారింటికి తరలిపోయాయి కనుక శుక్రవారం వంట రెండు వాయలుగా జరిగింది. చింతచెట్టు పక్కింటి ముసలమ్మ పోయింది. ఆమె మనవలూ మనవరాళ్ళూ కలిసి ఐదుగురు ఆ బడిలోనే చదువుతున్నారు, అంచేత దినవారాలు అయ్యేదాకా బడి నాలుగోవంతు ఖాళీ.

హాజరుపట్టీ చూసి ఏ ఇంట చావో, ఏ ఇంట పురుడో చెప్పేయవచ్చునంటుంది మా చెల్లెలు. కలుపులు ఎప్పుడు తీశారో, ఏ ఇంట్లో గొడవ జరిగి తల్లి పుట్టింటికి వెళ్ళిందో కూడా అందులో ఉంటుందట. కలెక్టరుగారి దగ్గర కూడా ఊరిని గురించి అంత మంచి రికార్డు ఉండదని నా నమ్మకం.

కలెక్టరంటే జ్ఞాపకం వచ్చింది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో లెక్కలు పంపమని కలెక్టర్లను అడిగాడు. ఆ మరుసటి ఏడు బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ దొర పంపిన నివేదిక చదవదగ్గది. ఈయన 1816లోనే తెలుగుకు వ్యాకరణం రాసినవాడు, మా తెలుగు పంతుళ్ళకు కాస్త దగ్గరివాడన్నమాట. అప్పటి బళ్ళారి జిల్లా అంటే నేటి అనంతపురం ప్రాంతం కూడా అందులోదే. మొత్తం 533 బడులు. వాటిలో 226 తెలుగువి. పిల్లలు 6,641 మంది. భాగించి చూడండి: బడికి పన్నెండు పదముగ్గురికి మించరు. ఇవాళ "ఇరవైమంది కూడా లేని బడి బడేనా?" అని పెదవి విరిచేవారికి ఈ లెక్క చెప్పాలనిపిస్తుంది.

ఆ నివేదికలో నాకు బాగా నచ్చినది అక్షరాభ్యాసం వర్ణన. పిల్లవాడికి ఐదేళ్ళు నిండగానే తల్లిదండ్రులు పంతుల్ని ఒక్కణ్ణే కాదు, బడిలోని పిల్లలందర్నీ ఇంటికి పిలిచేవారు. వినాయకుడి బొమ్మ చుట్టూ అందరూ వలయంగా కూర్చునేవారు. కొత్త పిల్లవాణ్ణి విగ్రహానికి ఎదురుగా కూర్చోబెట్టి, పంతులు వాడి వేలుపట్టుకుని బియ్యంలో దేవుడి పేరు దిద్దించేవాడు. అంటే పిల్లవాడు బడికి వెళ్ళకముందే బడి మొత్తం వాళ్ళింటికి వచ్చేదన్నమాట! మర్నాటినుంచి కథ వేరు. అందరికన్న ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడికి సున్న, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఇలా పెరుగుతూ పోయేవి. ఆఖరివాడి గతి మీరే ఊహించుకోండి.

దసరాకు అయ్యవారు పిల్లల్ని వెంటబెట్టుకుని, వాళ్ళచేత రంగురంగుల విల్లంబులు పట్టించి ఇంటింటికీ తిరగడం మన పెద్దలు చాలామంది చూసినదే. అయ్యవారికి రొక్కం, పిల్లలకు పప్పుబెల్లాలు. ఊరు బడిని పోషించిన పద్ధతి అది. ఇప్పుడు అయ్యవారికి సర్కారు జీతమిస్తోంది, పప్పుబెల్లాలతో పనిలేదు. అయినా గడపగడపకూ తిరగడం తప్పలేదు సుమండీ! జూన్ వచ్చిందంటే "బడిబాట" పేరిట మా చెల్లెలూ, తోటి మాస్టారూ ఇల్లిల్లూ తిరిగి, "మీ పిల్లను మా బడికి పంపండమ్మా" అని అడుగుతారు. ఆనాడు డబ్బుల కోసం తిరిగితే ఈనాడు పిల్లల కోసం తిరుగుతున్నారు. ఏది కష్టమని అడిగాను. "పిల్లలే అన్నయ్యా! డబ్బులైతే పోనీలే అని వచ్చేయొచ్చు" అంది. అదే బడిబాటలో సామూహిక అక్షరాభ్యాసం కూడా జరుగుతుంది. పలకలు ముందేసుకుని చిన్నపిల్లలు వరుసగా కూర్చుంటారు, తల్లులు వెనక.

ఊరు బడికి పెట్టడం పూర్తిగా పోయిందనుకోకండి. 2001 నవంబరులో సుప్రీంకోర్టు బడుల్లో వండిన అన్నమే పెట్టాలని ఉత్తర్వు ఇచ్చాక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరినుంచి మధ్యాహ్న భోజనం వచ్చింది. దానికి తోడు "తిథి భోజనం" అని ఒకటుంది. ఇంట్లో పుట్టినరోజో, పెళ్ళో అయితే ఆ రోజు బడిపిల్లలకు మిఠాయో, ఒక కూరో ఎక్కువ పెట్టవచ్చు. చెప్పాను చూడండి, ఆ చింతచెట్టు పక్కింటి ముసలమ్మ, ఆవిడ సంవత్సరీకానికి కొడుకులు బడిలో బూరెలు పెడతామన్నారట. ఆవిడకు బూరెలు ఇష్టమో కాదో తెలియదుగాని పిల్లలు అప్పుడే రోజులు లెక్కపెడుతున్నారట.

ఇంకొక లెక్క. కాంప్‌బెల్ చెప్పిన 6,641 మందిలో ఆడపిల్లలు అరవైమందే. మా చెల్లెలి బడిలో ఇరవై ఒక్కమందిలో పదముగ్గురు ఆడపిల్లలు. సంతోషించేలోగా ఆమే కారణం చెప్పింది: మగపిల్లలకోసం పొద్దున ఎనిమిదింటికి పచ్చబస్సు వస్తుంది, డబ్బుకట్టి మండలంలోని ప్రైవేటు బడికి పంపుతారు, ఆడపిల్లకు ఊరిబడి చాలు. రెండు వందల ఏళ్ళలో ముందుకు వచ్చామనాలో, వరస మారిందనాలో మీరే చెప్పండి.

ఆ పదముగ్గురిలో ఒక పిల్ల సంగతి చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం. మూడో తరగతి చదువుతోంది. వానలు సరిగా లేక తల్లీ తండ్రీ కూలికి పట్నం వచ్చారు. "మీ వైపే అన్నయ్యా, బాచుపల్లి దగ్గరెక్కడో ఇళ్ళు కడుతున్నచోట" అని, వాళ్ళ నాయనమ్మ దగ్గర మేస్త్రీ పేరు కనుక్కుని నాకు చెప్పింది.

మా ప్రగతినగర్ 2019 దాకా గ్రామపంచాయతీ అంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. ఆ ఏడు నిజాంపేట, బాచుపల్లితో కలిపి నగరపాలక సంస్థ చేశారు. పంచాయతీగా ఉన్నప్పుడే ఇక్కడ అంతస్తులు లేచాయి, ఇంకా లేస్తూనే ఉన్నాయి. హైటెక్ సిటీ కొలువులకు వెళ్ళేవాళ్ళు వాటిలో ఉంటారు. వాటిని కట్టేవాళ్ళు పక్కన రేకుల షెడ్లలో ఉంటారు. అంబీరుచెరువు దాటి మూడు చోట్ల అడిగాక నాలుగోచోట ఆ పిల్ల దొరికింది. చీర ఉయ్యాలలో తమ్ముణ్ణి ఊపుతోంది. ఫలానా టీచరుగారి అన్నయ్యనని చెప్పగానే లేచి నిలబడి నమస్కారం పెట్టి, "బడిల బోరు బాగైందా సార్?" అని అడిగింది. నాకు తెలియదు. తెలుసుకుని చెబుతానన్నాను.

"ఈడ బడి ఉంది గదమ్మా, పంపలేదేం?" అంటే, తల్లి, "టీసీ లేదు గద సారూ, ఎట్ల తీసుకుంటరు?" అంది. చాలామంది అనుకునేదే ఇది. 2010 ఏప్రిల్ 1నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ రావడం ఆలస్యమైందని పిల్లను చేర్చుకోకుండా ఉండకూడదు. అడిగినప్పుడు పాత బడి ప్రధానోపాధ్యాయులు వెంటనే టీసీ ఇవ్వాలి. ఆ మాటే చెప్పి, మర్నాడు తండ్రితోబాటు దగ్గర్లోని సర్కారు బడికి వెళ్ళాను. పెద్ద పంతులమ్మగారు మారుమాట లేకుండా చేర్చుకున్నారు. "టీసీ తెప్పించండి, తొందరేం లేదు" అన్నారు. తమ్ముణ్ణి ఎవరు చూస్తారన్నది తేలడానికి మాత్రం ఇంకో నాలుగురోజులు పట్టింది. చివరకు పక్క షెడ్డులోని పెద్దావిడ ఒప్పుకుంది.

అంతా సవ్యంగానే ఉంది గదా అని ఆ సాయంత్రమే చెల్లెలికి ఫోను చేశాను. "మంచిదైంది" అని, కాసేపు మాట్లాడలేదు. దసరాకో సంక్రాంతికో వాళ్ళు తిరిగొస్తారని ఇన్నాళ్ళూ పేరు తీయకుండా ఉంచింది. ఇప్పుడు తీస్తే బడి ఇరవైకి దిగుతుంది. ఐదో తరగతివాళ్ళు నలుగురు వేసవికి వెళ్ళిపోతారు. సంఖ్య మరీ తగ్గితే రెండో టీచరును ఇంకో బడికి సర్దుతారేమోనన్న భయం ఆమెకు ఎప్పుడూ ఉన్నదే; ఒక్క మనిషి ఐదు తరగతులకూ ఏకకాలంలో పాఠం చెప్పడమంటే ఏమిటో, ఒక తరగతికి చెప్పడానికే ఆపసోపాలు పడే మా కాలేజీ వాళ్ళకు తెలియదు. అయినా మర్నాడే టీసీ రాసి, ఫొటో తీసి నాకు పంపింది; అసలుది రిజిస్టరు పోస్టులో వచ్చింది. ప్రవర్తన అన్నచోట "చాలా మంచిది" అని ఉంది. 'చాలా' కింద గీత కూడా ఉంది.

మొన్నటి ఆదివారం కబుర్లలో బోరు సంగతి అడిగాను. ఇంకా బాగవలేదట, సర్పంచిగారింటినుంచి గొట్టం వేశారట. హాజరు పిలిచేటప్పుడు అలవాటుకొద్దీ ఆ పిల్ల పేరు నోట వస్తే, పిల్లలు ముక్తకంఠంతో, "ఊరికి పోయింది టీచర్, వస్తది" అంటున్నారట. పేరు తీసేశానని వాళ్ళకింకా చెప్పలేదంది.