కాదనే వీలు లేని విరాళాలు

బడి సంచిలో హోంవర్కుతో పాటు ఇంటికి వచ్చే కాగితాలు పెరిగిపోయాయి. ఒకటి యాన్యువల్‌ డే దుస్తులకు, ఒకటి కొత్త ప్రొజెక్టరుకు, మరొకటి ఏ వృద్ధాశ్రమానికో చందాలు రాయించుకు రమ్మని పిల్లల చేతికిచ్చిన జాబితా. ‘ఇది పూర్తిగా మీ ఇష్టం’ అని అందులో రాసే ఉంటుంది. దాని కిందే ‘శుక్రవారంలోగా క్లాస్‌ టీచరుకు అందజేయగలరు’ అనీ ఉంటుంది. ఇష్టమైతే ఇచ్చేదానికి గడువెందుకో, ఇచ్చినవారి పేర్లు వాట్సాప్‌ గ్రూపులో పెట్టడమెందుకో ఏ యాజమాన్యమూ చెప్పదు. తల్లిదండ్రులకు మాత్రం చెప్పకుండానే అర్థమవుతుంది. తన దగ్గర చదివే పిల్లల చేత, వారి తల్లిదండ్రుల నుంచి బడి చందాలు రాబట్టడం దానం కిందికి రాదు, వసూలు కిందికే వస్తుంది. ఇది ఆగాలి.

ఈ వసూలుకు బెదిరింపు అక్కర్లేదు, మొహమాటం చాలు. పెళ్లి చదివింపుల దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చున్న మనిషి ముందు ఎంత రాయించాలో ఎవరైనా పై వరసలో ఉన్న అంకెలు చూసే నిర్ణయించుకుంటారు. కాకపోతే చదివింపుల డబ్బు రేపు మనింటి శుభకార్యానికి తిరిగొస్తుంది. బడికిచ్చిన చందాకు చాలాచోట్ల రసీదు కూడా రాదు. గ్రూపులో ఒకరు ఫోన్‌పే స్క్రీన్‌షాట్‌ పెడతారు. పది నిమిషాల్లో మరో నలుగురు పెడతారు. ఇక మిగిలినవారి మౌనమే అందరికీ కనిపిస్తుంది. ఆ మౌనాన్ని టీచరు గుర్తుపెట్టుకుంటారేమో, పరీక్ష పేపరు దిద్దేటప్పుడో నాటకంలో వేషాలు పంచేటప్పుడో తమ బిడ్డ పేరు వెనక్కి పోతుందేమో అన్నది తల్లిదండ్రుల భయం. చాలామంది టీచర్లు అలా చేయరు. కానీ చేయరన్న హామీ ఎవరూ ఇవ్వనప్పుడు ఆ భయమే పని జరిపిస్తుంది. అప్పోసప్పో చేసి ఇచ్చేవారు కక్కలేక మింగలేక ఇస్తారు.

ఇందులో టీచరూ బాధితురాలే. పాఠం చెప్పడానికి చేరిన మనిషికి వసూళ్ల లక్ష్యం అప్పగిస్తున్నారు. తరగతిలో ఎంతమంది తెచ్చారో, తేనివారు ఎందుకు తేలేదో హెడ్మాస్టరుకు సంజాయిషీ చెప్పుకోవలసింది ఆమే. అందుకే ‘ఇంకా ఎవరెవరు తేలేదు, లేచి నిలబడండి’ అన్న మాట తరగతి గదిలో వినిపిస్తుంది. నిలబడిన పిల్లవాడికి ఇంట్లో డబ్బు లేదన్న సంగతి అంతవరకు అమ్మానాన్నలకే తెలుసు, ఇప్పుడు తోటి పిల్లలందరికీ తెలిసిపోతుంది. పిల్లలను మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్‌ నిషేధించింది. డబ్బు తేలేదని బిడ్డను నలుగురిలో నిలబెట్టడం వేధింపు కాకపోతే మరేది వేధింపు?

విరాళాల విషయంలోనూ చట్టం మౌనంగా లేదు. పాఠశాల ప్రకటించిన ఫీజు కాకుండా ఏ రూపంలో తీసుకున్న విరాళమైనా, చందా అయినా, చెల్లింపు అయినా క్యాపిటేషన్‌ ఫీజేనని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్వచించింది. అలా వసూలు చేస్తే ఆ మొత్తానికి పది రెట్ల వరకు జరిమానా వేయవచ్చని 13వ సెక్షన్‌ చెబుతోంది. అయితే ఆ నిషేధం ‘ప్రవేశాల సమయంలో’ అన్న మాటతో ముడిపడి ఉంది. యాజమాన్యాలు పట్టుకున్న సందు అదే. జూన్‌లో ఒక్కసారే అడిగితే డొనేషన్‌ అంటారు కనుక, దాన్ని ముక్కలు చేసి ఏడాది పొడవునా అడుగుతున్నారు. ఆగస్టులో జెండా పండగ, నవంబరులో బాలల దినోత్సవం, ఫిబ్రవరిలో వార్షికోత్సవం. సందర్భానికో కవరు, కవరుకో పేరు.

ఫీజులతో బడి నడవదు కనుక అడుగుతున్నామన్న వాదన ప్రైవేటు యాజమాన్యాల నోట నిలవదు. ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబరు 1, ఫీజుల రాబడిని ఎలా ఖర్చు చేయాలో వాటాలు వేసి చెప్పింది. అందులో సగం జీతాలకు, 15 శాతం నిర్వహణకు, మరో 15 శాతం సంస్థ అభివృద్ధికి. యాజమాన్యం తన ఆదాయంగా చూపుకోగలిగింది 5 శాతమే. అంటే ప్రొజెక్టరైనా, ఆటస్థలమైనా, గ్రంథాలయమైనా తల్లిదండ్రులు కట్టిన ఫీజులోంచే రావాలి. అభివృద్ధి పేరుతో మళ్లీ చేయి చాచే బడి, ఆ వాటా ఏమైందో ముందు లెక్క చెప్పాలి.

సర్కారు బడుల సంగతి వేరు. అక్కడ అవసరం నిజం. గోడ కూలిన బడికి, నీళ్లు రాని మరుగుదొడ్డికి డబ్బు కావాలి. అయితే ఆ డబ్బు ఎవరు పెట్టాలో విద్యాహక్కు చట్టం 8వ సెక్షన్‌ తేల్చేసింది: భవనాలు, బోధన సిబ్బంది, సామగ్రి సమకూర్చడం ప్రభుత్వ బాధ్యత. ఇష్టపూర్వకమన్న మాట ఎంత తొందరగా నిర్బంధంగా మారుతుందో చూపించింది కూడా ప్రభుత్వమే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో, పిల్లలను బడికి పంపే తల్లులకు డబ్బిచ్చే అమ్మఒడి పథకం మొదలైనప్పుడు, చేతికందిన 15,000 రూపాయల్లోంచి 1,000 రూపాయలు బడి మరుగుదొడ్ల నిర్వహణకు ఇవ్వాలని తల్లులకు నాటి ముఖ్యమంత్రి విజ్ఞప్తి చేశారు. 2021లో విజ్ఞప్తి పోయి కోత వచ్చింది, తల్లుల ఖాతాల్లో 14,000 పడ్డాయి. 2022లో కోత 2,000కు పెరిగి 13,000 పడ్డాయి. ప్రభుత్వం మారింది, పథకం పేరు తల్లికి వందనంగా మారింది. 2025 జూన్‌లో తల్లుల ఖాతాల్లో పడింది మాత్రం అదే 13,000. మిగతా 2,000 పాఠశాలల అభివృద్ధికంటూ పక్కకు తీశారు. పార్టీలు దేనిలో విభేదించినా ఈ లెక్కలో ఏకీభవించాయి.

ఆ నిధితో ఆయాలను పెట్టారు, మరుగుదొడ్లు శుభ్రపడ్డాయి, కాదనం. కానీ 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. కూలికి వెళ్లే తల్లి చేతికి రాకుండా పోయిన 2,000 ఆమె ఆరున్నర రోజుల కష్టం. ఉచిత విద్య రాజ్యాంగం ఇచ్చిన హక్కు అయినప్పుడు, బడి ఊడ్చే ఖర్చు కూలి చేసుకునే తల్లి వాటాలోంచి ఎందుకు తీయాలి? అది బడ్జెట్‌లో పెట్టాల్సిన పద్దు. ప్రభుత్వమే ఇలా చేస్తుంటే, కవరు పంపిన ప్రైవేటు బడిని నిలదీయడానికి విద్యాశాఖ అధికారికి నోరెలా వస్తుంది?

ఇక పరుల కోసం పిల్లల చేత చేయించే వసూళ్లు. ఏదో స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ప్రార్థన వేళ వచ్చి, అనారోగ్యంతో ఉన్నవారి గురించో దిక్కులేనివారి గురించో గుండె కరిగేలా చెబుతాడు. జాబితాలు పంచుతాడు. ఎక్కువ తెచ్చిన వారికి పతకం, సర్టిఫికెట్‌ అంటాడు. పిల్లలు అపార్టుమెంటులో తలుపులు తడతారు. అన్ని తలుపులూ తెరుచుకోవు కనుక చివరికి ఆ జాబితాను అమ్మానాన్నలే నింపుతారు. దీనివల్ల సేవాభావం అలవడుతుందని అంటారు. పిల్లలు అలవరచుకునేది వేరు: తండ్రికి డబ్బుంటే పతకం వస్తుంది. బస్తీ నుంచి వచ్చిన పిల్లవాడికి ఎంత దయ ఉన్నా పతకం రాదు. సేవ నేర్పాలంటే ఒక పూట ఏదైనా వృద్ధాశ్రమానికి తీసుకెళ్లి పెద్దవారికి పేపరు చదివి వినిపించమనండి. దానికి ఎవరి జేబూ ఖాళీ చేయనక్కర్లేదు.

తెలుగునాట బడులను దాతలే నిలబెట్టలేదా అని అడిగేవారున్నారు. నిలబెట్టారు. స్థలమిచ్చిన రైతు పేరు, గదులు కట్టించిన పూర్వ విద్యార్థి పేరు ఎన్నో జిల్లా పరిషత్‌ హైస్కూళ్ల శిలాఫలకాల మీద ఉన్నాయి. తెలంగాణలో ‘మన ఊరు - మన బడి’ కింద 10 లక్షల రూపాయలిస్తే తరగతి గదికి, కోటి ఇస్తే బడికి దాత సూచించిన పేరు పెట్టే వీలు కల్పించారు. ఆ దాత ఎంతివ్వాలో తానే నిర్ణయించుకుంటాడు, ఇవ్వకపోయినా ఎవరూ అడగరు. అన్నిటికీ మించి, అతని బిడ్డ ఆ బడి చేతుల్లో లేదు. అలాంటి దాతలు ఇంకా రావాలి. వారిని అడిగేది కూడా బడి యాజమాన్య కమిటీ అయి ఉండాలి. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, ఇతర మార్గాల్లో వచ్చిన నిధుల ఖర్చునూ కమిటీ పర్యవేక్షించాలని చట్టం చెబుతోంది. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడికి ఆ కమిటీ ఉండాలన్న నిబంధనే లేదు. లెక్క అడిగేవారు లేని చోట చందాలకు తావుండకూడదు.

ఇతర దేశాల్లోనూ బడులు చందాలు అడుగుతాయి. అక్కడి తెలుగు కుటుంబాలకూ ఆ ఉత్తరాలు అందుతుంటాయి. కానీ వారికి చట్టం అండగా ఉంది. ఇంగ్లండ్‌లో 1996 నాటి విద్యాచట్టం ప్రకారం, చందా అడిగే ఉత్తరంలో రెండు సంగతులు స్పష్టం చేసి తీరాలి: ఇవ్వాలన్న నిర్బంధం లేదు, ఇచ్చినా ఇవ్వకపోయినా పిల్లల పట్ల తేడా చూపరు. కాలిఫోర్నియాలో 2013 నుంచి అమల్లో ఉన్న చట్టం, డబ్బుకో విరాళానికో బదులుగా విద్యార్థికి కోర్సు క్రెడిట్లు, ప్రత్యేక సౌకర్యాలు ఇవ్వడాన్ని నిషేధించింది. ఇవేవీ మన ప్రభుత్వాలకు శక్తికి మించినవి కావు.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలు వచ్చే జూన్‌లోగా ఉత్తర్వులివ్వాలి. ఏడాదంతా తల్లిదండ్రుల నుంచి తీసుకునే ప్రతి రూపాయీ, దుస్తుల ఖర్చుతో సహా, బడి తెరిచే నాటికే నోటీసు బోర్డు మీద ఉండాలి. అందులో లేనిది ఆ ఏడాది అడగకూడదు. ఫీజు తీసుకునే బడులు విరాళాలు సేకరించడాన్ని ఏ నెలలోనైనా క్యాపిటేషన్‌ ఫీజుగానే పరిగణించాలి. సర్కారు బడికి కమిటీ ద్వారా సాయం కోరినా, ఇంగ్లండ్‌ ఉత్తరంలోని ఆ రెండు మాటలూ రాసి తీరాలి. పిల్లల చేత జాబితాలు, కవర్లు మోయించరాదు. ఇచ్చినవారి పేర్లు తరగతిలోగానీ గ్రూపులోగానీ చదవరాదు. ఫిర్యాదులో బిడ్డ పేరు, తరగతి చెప్పనక్కర్లేని ఏర్పాటు ఉండాలి. లేకపోతే ఏ తల్లీ ఫిర్యాదు చేయదు. ఆంధ్రప్రదేశ్‌ పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌ను 2019లోనే చట్టం ద్వారా తెచ్చుకుంది, దాని చేత పని చేయించాలి. ఫీజుల మీద 2017లో తిరుపతిరావు కమిటీ వేసిన తెలంగాణ ఏళ్ల తరబడి కమిటీలు, ఉపసంఘాలతో కాలం గడిపింది. ఇకనైనా తల్లిదండ్రులకు అక్కరకొచ్చే నియంత్రణ చూపించాలి.

స్తోమత ఉన్న తల్లిదండ్రులకూ ఒక మాట. మీరు గ్రూపులో పెట్టే స్క్రీన్‌షాట్‌ పక్కింటివారి మీద ఒత్తిడి. ఇవ్వాలనుకుంటే మీ ఊరి సర్కారు బడి కమిటీకి చప్పుడు లేకుండా ఇవ్వండి, లెక్క అడగండి. అడగలేని తల్లిదండ్రుల తరఫున సమావేశంలో లేచి మాట్లాడగలిగేది కూడా మీరే.

ఖర్చు ఉందనుకున్న ప్రైవేటు బడి దాన్ని ఫీజులో బాహాటంగా చూపాలి, దానికి జవాబు చెప్పాలి. సర్కారు బడి ఖర్చు సర్కారు భరించాలి. ఈ రెండూ కాదని బిడ్డ చేతికి కవరిచ్చి పంపడం ఏ బడికీ హక్కు కాదు. అలా పంపిన బడి మీద చర్య తీసుకోని విద్యాధికారి ఆ వసూలులో భాగస్వామే.