హెడ్మిస్ట్రెస్ కుర్చీకి దారేది?

సాయంత్రమైతే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెట్ల మీద పిల్లలు కిటకిటలాడుతుంటారు. ఆ వేళకే ఎల్.బి.నగర్ బస్సు కోసం పరుగెత్తే టీచరుని చూశారా? "ప్రమోషన్ ఎందుకు వదులుకున్నారు మేడం?" అని అడిగితే, "చదవడానికి ఇంట్లో కుదరదండీ" అంటుంది.

కుదరనిది ఆమెకా, వ్యవస్థకా?

స్కూల్ అసిస్టెంట్ హెడ్మాస్టరు కావాలంటే మామూలుగా ఈఓటీ, జీఓటీ పాసవ్వాలి. అవి ఖాతాల లెక్కలూ, శాఖ కోడ్లూ అడుగుతాయి. ఆడపిల్లల బాత్రూముకి తాళమెందుకుందో, ఎనిమిదో క్లాసు పిల్ల హఠాత్తుగా బడెందుకు మానేసిందో ఏ పేపరూ అడగదు. ఆ జవాబులు తెలిసిన ఆమె మాత్రం స్టాఫ్ రూములోనే మిగిలిపోతుంది.

నాయకత్వ శిక్షణ లేదని కాదు. 2012లోనే ఢిల్లీలో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం పెట్టారు. ఇగ్నో విద్యా నిర్వహణలో పీజీ డిప్లొమా దూరవిద్యలో ఇస్తోంది. ఇంటిదాకా వచ్చిన ఆ చదువుకి ఇంట్లోనే చోటు లేదు! రాత్రి పదింటికి అంట్లు తోమాక పుస్తకం తెరవమంటే అది అవకాశమా, శిక్షా?

అందుకే అడుగుతున్నాం. శిక్షణని డ్యూటీగా లెక్కగట్టండి. పనివేళల్లో, దగ్గర్లో పెట్టండి. ఆ రోజుల్లో ఆమె క్లాసుకి మరో టీచరుని పంపండి. ఇక ఇంటి వంట సంగతి... అది భర్తలు నేర్చుకోవాల్సిన కోర్సు. దానికే టెస్టూ అక్కర్లేదు.